వాదన చల్లారిందని ఇంగ్లీషులో ఎలా రాయాలి?

ప్రశ్న: మిర్చి ఎగుమతి చేసే ఆఫీసులో మెయిల్స్ రాసే పని నాది. పంపిన తేజ రకం మిర్చిలో తాలు (రంగు పోయిన కాయ) ఎక్కువుందని బయ్యర్ గొడవపడ్డాడు, మెయిల్స్‌లో గట్టిగానే అనుకున్నాం. ఇప్పుడు రెండువైపులా నెమ్మదించారు. ఆ సంగతి మర్యాదగా రాయమన్నారు మా సార్. హీటెడ్ డిస్కషన్ అంటాం కదా, దానికి వ్యతిరేకంగా కోల్డ్ డిస్కషన్ అని రాయొచ్చా?
- ఒక పాఠకురాలు, పట్టాభిపురం, గుంటూరు

జవాబు: వద్దమ్మా, ఆ మెయిల్ ఇంకా వెళ్ళకపోతే ఆపేయండి. ఎవరైనా కోల్డ్‌గా జవాబిచ్చారంటే మన మీద వాళ్ళ మనసు విరిగిందనే అర్థం, బయ్యర్‌కి కూడా అలాగే తోస్తుంది. కూల్ అన్నా జాగ్రత్తే. థింగ్స్ హావ్ కూల్డ్ డౌన్ అంటే గొడవ సద్దుమణిగింది, అదే రిలేషన్స్ హావ్ కూల్డ్ అని రాస్తే మీ ఇద్దరికీ చెడిందని చదువుకుంటారు.

లో-కీ అన్న మాట కూడా కొందరు వాడతారు. అది హడావుడి లేకుండా, నలుగురికీ తెలియకుండా జరిగేదాని గురించి చెబుతుంది, లోపల మాటలు ఎంత ఘాటుగా సాగాయో చెప్పదు. సివిల్ అంటే తిట్టుకోలేదు అన్నంత వరకే. కార్డియల్‌లో స్నేహం ఉంది, ఇంకా గుర్రుగా ఉన్న మనిషికి అది రాస్తే అతికినట్టుండదు. ఇక ఫ్రాంక్ సంగతి, రెండు దేశాల ప్రతినిధులు కలిశాక ఫ్రాంక్ డిస్కషన్స్ జరిగాయని ప్రకటన ఇస్తే, అభిప్రాయభేదాలు గట్టిగానే బయటపడ్డాయని పేపర్లవాళ్ళు అర్థం చేసుకుంటారు, కాబట్టి మీకు పనికిరాదు.

టోన్ డౌన్, వాటర్ డౌన్ ఒకటే అనుకోకండి. మాటల్లో ఘాటు తగ్గించడం మొదటిది, అసలు విషయాన్నే పలచన చేయడం రెండోది. తాలు ఎంతుందన్న లెక్కలో మీరు వెనక్కి తగ్గనప్పుడు వాటర్ డౌన్ అని రాస్తే మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టవుతుంది, డబ్బులతో ముడిపడిన మాట అది.

మీ సార్‌కి చెప్పేటప్పుడు ‘ద డిస్కషన్స్ ఆర్ మచ్ కామర్ (calmer) నౌ’ అనండి, చాలు. బయ్యర్‌కి మాత్రం పాత వేడి గుర్తుచేయకుండా ‘థాంక్యూ ఫర్ ద కన్‌స్ట్రక్టివ్ డిస్కషన్’ అని రాసి, ఆ వెంటనే తాలు లెక్క చూడ్డానికి మళ్ళీ శాంపిల్ ఎప్పుడు తీస్తారో తేదీ వేయండి. ఆయన ముందు వెతికేది ఆ తేదీ కోసమే.