తెల్లబొచ్చుతో పరుగెత్తే ఆ పురుగు చీమ కాదు

ప్రశ్న: ఆరిజోనాలో యూమా దగ్గర ఖర్జూరం తోట చూసుకుంటున్నాను. పక్కనే కొంత గుమ్మడి కూడా వేశాం. ఈమధ్య చెట్ల నడుమ ఇసుకలో ఒంటినిండా తెల్లటి బొచ్చున్న పురుగు ఒకటి కనిపిస్తోంది, ఒక్కచోట నిలవకుండా పరుగెడుతుంది. పిల్లలు ఆరుద్ర పురుగు లాంటిదే అనుకుని పట్టుకోబోయారు. ఇక్కడివాళ్ళు వెల్వెట్ యాంట్ అంటున్నారు. పైనుంచి తీసిన ఫొటోలు పంపుతున్నాను. ఇది ఏ జాతి? పంటకు నష్టమా? నేలకు మందు కొట్టమంటారా?

జవాబు: ముందు పిల్లల సంగతి. దీన్ని చేత్తో తాకనివ్వకండి. ఆరుద్ర పురుగు ఎనిమిది కాళ్ళ నల్లి జాతిది, ఎవరినీ కుట్టదు. ఆరిజోనా ఎడారిలో కూడా వానలు పడ్డాక అలాంటి పెద్ద ఎర్ర నల్లులు బయటికొస్తాయి కాబట్టి పిల్లలు పొరబడటం సహజమే. మీ ఫొటోలో ఉన్నది మాత్రం రెక్కల్లేని ఆడ కందిరీగ. పేరులో చీమ ఉన్నా చీమ కాదు. చీమ మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి, దీనికి అలా ఉండవు. పుట్టలు పెట్టదు, గుంపుగా తిరగదు. మగవాటికి రెక్కలుంటాయి, అవి కుట్టవు.

జాతి విషయానికొస్తే, నా అంచనా డాసిముటిల్లా గ్లోరియోసా. ఒంటి మీది పొడవాటి తెల్ల వెంట్రుకలను చూస్తే అలాగే అనిపిస్తోంది. అయితే మీరున్నది కాలిఫోర్నియా సరిహద్దు. అటువైపు డాసిముటిల్లా సాకెని అనే ఇంకో జాతి ఉంది. అదీ పైనుంచి తెల్లగానో, లేత పసుపుగానో కనిపిస్తుంది. దాని కాళ్ళ మీద, పొట్ట కింద మాత్రం వెంట్రుకలు నల్లగా ఉంటాయి. మీ ఫొటోల్లో ఆ భాగం పడలేదు, అందుకే ఖాయంగా చెప్పడం లేదు.

మీ చుట్టుపక్కల క్రియోసోట్ అనే ఎడారి పొదలుంటే రాలిన కాయలను ఒకసారి గమనించండి. తెల్లటి నూగుతో ఉన్న ఆ కాయను, కదలకుండా ఉన్న ఈ పురుగును పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. శత్రువుల కన్నుగప్పడానికే ఇది ఆ కాయలా తయారైందని చాలాకాలం అనుకున్నారు. 2020లో వెలువడిన పరిశోధన మరో కారణం చూపింది. ఆ పొద ఉత్తర అమెరికా ఎడారులకు చేరకముందే ఈ తెల్ల జాతి ఇక్కడుందట. తెల్ల వెంట్రుకలు ఎండను వెనక్కి కొట్టి ఒంటిని వేడెక్కనివ్వవు కాబట్టి, ఆ రంగు ఎండను తట్టుకోవడానికే వచ్చి ఉండొచ్చని తేల్చారు. నాకూ ఇదే సబబనిపిస్తుంది.

పంటకు దీనివల్ల నష్టం లేదు. ఎదిగిన పురుగులు పూలలో మకరందం తాగుతాయి. ఆడది నేలలో గూడు కట్టే ఈగలు (తేనెటీగల బంధువులు), కందిరీగల గూళ్ళు వెతుక్కుంటూ తిరుగుతుంది, మీరు చూసిన పరుగంతా అందుకే. గూడు దొరికితే తవ్వుకుని లోపలికెళ్ళి, అక్కడ ఎదిగిన పిల్లపురుగు దగ్గర గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పిల్లపురుగును తిని పెరుగుతుంది.

మరి పుప్పొడి మోసే ఈగలను తినేదాన్ని చంపొద్దా అంటారేమో. వద్దు. ఇది ఒంటరిగా తిరిగే పురుగు, నేలకు మందు కొడితే దీనికంటే ముందు పోయేవి ఆ ఈగలే. ఖర్జూరానికి మీరు చేత్తోనే పుప్పొడి అద్దుతారు, ఈగలతో పనిలేదు. గుమ్మడి అలా కాదు. గుమ్మడి పూల మీద తెల్లవారుజామునే వాలే స్క్వాష్ ఈగలు ఆ పాదుల చుట్టూ నేలలోనే గూళ్ళు పెడతాయి. మందు వేస్తే పిందె పట్టడం తగ్గి మీరే నష్టపోతారు.

తోటలోకి వెళ్ళేటప్పుడు అందరూ మూసి ఉన్న బూట్లు వేసుకోండి, ఇసుకలో చేతులు పెట్టే పనికి గ్లౌజులు తప్పనిసరి. దీన్ని అదిమితే కిచకిచమని శబ్దం చేస్తుంది, అది హెచ్చరిక. కుట్టిందంటే నొప్పి విపరీతంగా ఉంటుంది గానీ, విషం తీవ్రత తేనెటీగ విషం కంటే తక్కువ. ముల్లు ఒంట్లో ఉండిపోదు, అందుకే మళ్ళీ కుట్టగలదు. సబ్బుతో కడిగి ఐస్ పెట్టండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా 911కు ఫోన్ చేయండి.

ఈసారి కనిపిస్తే గాజు సీసా బోర్లించి, కింద అట్టముక్క జరిపి, పక్కనుంచి, కిందనుంచి రెండు ఫొటోలు తీసి పంపండి. పక్కన స్కేలు పెడితే ఇంకా మంచిది. తర్వాత దొరికిన చోటే వదిలేయండి.