మోచేతి నొప్పికి అరలీటరు నీళ్ల సీసా

చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కత్తెర పట్టుకుంటే కుడి మోచేతి బయటి పక్కన పోటు పెడుతోందట, తడిబట్ట పిండలేకపోతున్నావట, నిండు చెంబు ఎత్తినా చెయ్యి లాగేస్తోందట. మాఘమాసం పెళ్లిళ్ల జాకెట్లు బోలెడు ఒప్పుకున్నావనీ, ఎవరో "చెయ్యి అసలు కదపకు, లేదంటే ఇంజెక్షన్ వేయించుకో" అన్నారనీ కూడా చెప్పింది. ఆ రెండిట్లో ఏదీ చేసేయకముందే ఈ ఉత్తరం చదువు.

ముందు ఒకటి చూసుకో. కుడి చెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి నేలవైపు తిప్పి పిడికిలి బిగించు. ఆ పిడికిలిని పైకి లేపుతుంటే ఎడమచేత్తో దాన్ని కిందికి నొక్కు. మోచేతి బయటి పక్కనున్న ఎముక బుడిపె దగ్గరే కలుక్కుమంటే అది చాలావరకు టెన్నిస్ ఎల్బోనే. ఇన్నేళ్లు ఫిజియోథెరపీ చేశాను కదా, దీంతో నా దగ్గరికి వచ్చినవాళ్లలో టెన్నిస్ ఆడినవాళ్లు అరుదు. దర్జీలు, మేస్త్రీలు, పెయింటర్లు, ఇంట్లో బాల్చీల కొద్దీ బట్టలు పిండే ఆడవాళ్లే ఎక్కువ.

మణికట్టును పైకి లేపే కండరాలు ఆ బుడిపె దగ్గరే మొదలవుతాయి. నువ్వు దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడల్లా మణికట్టు కిందికి వాలిపోకుండా అవి బిగుసుకుని ఆపాలి. కత్తెర నొక్కేది వేళ్లయినా నొప్పి మోచేతి దగ్గర రావడం అందుకే. కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్‌కు రక్తప్రసరణ తక్కువ, అందుకని అది కోలుకోవడానికి నెలలు పడుతుంది. పూర్తిగా పని మానేస్తే నొప్పి తగ్గినట్టే ఉంటుంది, కానీ టెండన్ ఇంకా బలహీనపడుతుంది. మళ్లీ కత్తెర పట్టిన రోజే మొదటికొస్తుంది. దానికి బరువు కావాలి చిట్టీ, కొద్దికొద్దిగా పెరిగే బరువు.

మొదటి వారం పది రోజులు కదలిక లేని వ్యాయామం చాలు. కుర్చీలో కూర్చుని ముంజేయిని బల్ల మీద ఆనించు. అరచెయ్యి కిందికి చూస్తూ, మణికట్టు బల్ల అంచు దాటి ఉండాలి. ఎడమచేతిని కుడిచేతి వెనక భాగం మీద పెట్టి కిందికి నొక్కు, కుడిచెయ్యి వాలకుండా ఎదురు ఆపు. 30 నుంచి 45 సెకన్లు అలాగే ఉంచి, ఒక నిమిషం వదిలేసి, మళ్లీ చెయ్యి. ఇలా ఐదుసార్లు, పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. ఊపిరి బిగబట్టకు, భుజం పైకి ఎత్తేయకు.

అది తేలికైపోయాక సీసా తియ్యి. అరలీటరు వాటర్ బాటిల్‌లో సగమే నీళ్లు పోసి మూత బిగించు. ముంజేయి మళ్లీ బల్ల మీదే, సీసా బల్ల అంచు అవతల నీ చేతిలో. ఎడమచేతి సాయంతో కుడి మణికట్టును పైకి లేపి, ఎడమచెయ్యి తీసేయి. ఇప్పుడు కుడిచేత్తోనే సీసాను నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా కిందికి దించు. ఈ దించడమే అసలు మందు. చాలామంది ఇక్కడే తొందరపడి సీసాను దబ్బున వదిలేస్తారు, అలా అయితే కండ పని చేసినట్టే కాదు. పదిసార్లు ఒక విడత, మధ్యలో కాసేపు ఆగి మూడు విడతలు, రోజు విడిచి రోజు. వారానికోసారి ఇంకాస్త నీళ్లు పొయ్యి. సీసా నిండితే అరకిలో బరువు. అది కూడా సులువైతే లీటరు సీసాకు మారి, మళ్లీ సగం కంటే కొంచెం ఎక్కువతో మొదలుపెట్టు.

చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి రావచ్చు, భయపడకు. పదికి మూడు నాలుగు దాకా పర్వాలేదు. అసలు తీర్పు మర్నాడు పొద్దున వస్తుంది. లేవగానే నిన్నటికంటే ఎక్కువ పోటు ఉంటే ఈసారి నీళ్లు తగ్గించు, మానెయ్యకు. నిన్నటిలాగే ఉంటే అదే బరువుతో సాగించు. ఆరు వారాలకు తేడా తెలుస్తుంది, గట్టి పట్టు రావడానికి మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇంజెక్షన్ సంగతి. 2006లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 198 మంది మీద చేసిన పరిశోధన ఒకటుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లకు ఆరు వారాలకు చాలా హాయిగా ఉంది, తర్వాత చాలామందికి తిరగబెట్టింది. ఏడాది చివరికి వ్యాయామంతో ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లూ, ఊరికే వేచి చూసినవాళ్లూ వాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు. పెళ్లిళ్ల సీజన్ గట్టెక్కడానికని ఇంజెక్షన్ వేయించుకుని, నొప్పి లేదు కదా అని రెట్టింపు జాకెట్లు కత్తిరిస్తే వచ్చే సీజన్‌కు ఏమవుతుందో నాకు బెంగ.

పనిలోనూ కొన్ని మార్చు. కత్తెరకు వెంటనే సాన పట్టించు, మొద్దు కత్తెర ఒక్కటే నీ చేతికి సగం శిక్ష. లైనింగ్‌తో కలిపి నాలుగు మడతలు ఒకేసారి కత్తిరించకు. ఇస్త్రీ పెట్టెను పిడి విరిగిపోయేంత గట్టిగా పట్టుకోవక్కర్లేదు. ఏది ఎత్తినా అరచెయ్యి పైకి చూసేలా కింది నుంచి ఎత్తు, చాలా తేలికగా ఉంటుంది. బట్టలు పిండే పని ఈ మూడు నెలలు మీ ఆయనకు అప్పజెప్పు. మొహమాటపడకు. మెడికల్ షాపులో దొరికే ఎల్బో పట్టీ కావాలంటే పని చేసేటప్పుడు మాత్రం కట్టుకో, రాత్రి తీసేయి. వేడి కాపడమో ఐసో, నీకు ఏది హాయిగా ఉంటే అది.

ఒక్కటి మాత్రం సరిగ్గా గమనించి చెప్పు. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే గానీ తగ్గట్లేదా? అలాగైతే అది వేరే సంగతి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం. దానికి సీసా పనికిరాదు. ముందు మణికట్టు తిన్నగా ఉండేలా రాత్రి స్ప్లింట్, అంటే వంగకుండా పట్టి ఉంచే గట్టి పట్టీ, కట్టుకోవాలి, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. బొటనవేలి కింద కండ పల్చబడుతున్నా, చేతిలోంచి సూది జారిపోతున్నా ఆలస్యం చేయకు. పొద్దున లేచాక రెండు చేతుల వేళ్లూ గంట దాటినా బిగుసుకునే ఉంటే, కీలు ఎర్రబడి వాచి జ్వరం వస్తే, పడ్డాక మణికట్టు నొప్పి తగ్గకపోతే, మెడ నుంచి చేతిలోకి పోటు దిగుతుంటే డాక్టరు దగ్గరికే వెళ్లు, నా ఉత్తరం పక్కన పెట్టు.

ఆదివారం షాపు మూసేశాక వీడియో కాల్ చెయ్యి. సీసా దించేటప్పుడు మణికట్టు ఎటు తిరుగుతోందో నేను చూడాలి.

ప్రేమతో,
పెద్దమ్మ