బావ తిరిగి వచ్చాడు, చిన్నాన్న దూరమయ్యాడు

‘ఇంట్లో మనిషి కిడ్నాప్ అయితే కుటుంబం దగ్గరవుతుందా, దేవుడి మీద నమ్మకం పెరుగుతుందా’ అని అడిగారు. మాది ఒడిశాలోని రాయగడ. 2010 చలికాలంలో మునిగుడ వైపు రోడ్డు పని జరిగేచోట మా బావను ఎత్తుకుపోయారు. ఆయన ఓ కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. ఎవరు తీసుకుపోయారో నేటికీ తేలలేదు. పన్నెండు రోజులకు వదిలారు. నన్నడిగితే, ఇంటిని చీల్చేది కిడ్నాప్ కాదు, డబ్బు కూడబెట్టే ఆ నాలుగు రోజులు.

రెండు లక్షలు అడిగారు. కాంట్రాక్టరు సగం మా మీద వేశాడు. అక్క గాజులు, అమ్మ గొలుసు తాకట్టు పెట్టినా ముప్పై వేలు తక్కువ పడ్డాయి. బట్టల కొట్టున్న చిన్నాన్న, ‘డబ్బంతా సరుకు మీద ఉంది అన్నయ్యా’ అన్నాడు. ఆ రోజు కొట్టు మెట్లు దిగిన నాన్న మళ్లీ ఎక్కలేదు.

తర్వాతి ఫిబ్రవరిలో మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణను మావోయిస్టులు పట్టుకుపోయారు. ప్రొఫెసర్లు హరగోపాల్, సోమేశ్వరరావు మధ్యవర్తులుగా కూర్చున్నారు, తొమ్మిదో రోజుకు ఆయన బయటపడ్డారు. మంచిదే, ఆయన కోసం మా అమ్మ కూడా మొక్కింది. గుమాస్తాకు మధ్యవర్తులెవరు? మా ఇంటికి వచ్చింది చుట్టాలే. టీ తాగుతూ ‘పోలీసులకు చెప్పారా’ అని ఒకరు, ‘చెప్పకండి’ అని ఇంకొకరు.

బావ తెల్లవారుజామున లారీ దిగాడు. ఒంటిమీద ఎవరిదో లుంగీ. అమ్మ పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లతో దిష్టి తీస్తుంటే, ‘అత్తయ్యా, ముందు అన్నం’ అన్నాడు. గడపలోనే కూర్చుని, వీధివైపు చూస్తూ చద్దన్నం తిన్నాడు. ఇప్పటికీ అక్క ఆయన కంచం అక్కడే పెడుతుంది. ఎందుకని మేమెవరం అడగం.

ఇక నమ్మకం. ఆ రోజుల్లో అక్క అంజనం వేయించింది. ‘దక్షిణాన, నది ఒడ్డున ఉన్నాడు, ఆశ వదులుకోండి’ అన్నాడు అంజనం వేసినతను. బావేమో ఉత్తరం నుంచి వచ్చాడు. చిన్నప్పటి నుంచి శనివారాలు ఉపవాసం ఉండే అక్క, మరుసటి శనివారం పొద్దున్నే టిఫిను తినేసింది. అమ్మ మాత్రం ‘నది ఒడ్డు అన్నాడా లేదా? మన ఊరు నాగావళి ఒడ్డున లేదా?’ అని నేటికీ అతణ్ణే వెనకేసుకొస్తుంది. గుడి ముఖం చూడని నాన్న మజ్జిగౌరమ్మకు కోడిని ఇచ్చి వచ్చాడు. మాకెవరికీ చెప్పలేదు, గుడి దగ్గర కొబ్బరికాయలమ్మే ఆమె చెప్పింది.

బావకు చిన్నాన్న మీద కోపం లేదు. ఏటా దసరాకు బట్టలు అక్కడే కొంటాడు, నాన్నకూ ఒక చొక్కా తెస్తాడు. మొన్న పెట్టె తెరిస్తే మడత విప్పని చొక్కాలు పదకొండు ఉన్నాయి.