క్యూసీలో చేసినవారు పీహెచ్‌డీకి వెళితే అనుభవం వృథాయేనా?

ప్రశ్న: మాది రాయగడ. మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివి, విశాఖలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) విభాగంలో పనిచేస్తోంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి బరంపురంలోని కేంద్ర విజ్ఞానశాస్త్ర విద్యాసంస్థ ఐసర్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇన్నాళ్ల అనుభవం గంగలో కలిసినట్టేనా?
– ఒక తండ్రి

జవాబు: కాదండీ. కొత్తగా పరిశోధనలో చేరేవారు తంటాలుపడి నేర్చుకునే అలవాట్లు మీ అమ్మాయికి ఇప్పటికే వంటబట్టి ఉంటాయి. 2016లో ‘నేచర్’ పత్రిక 1,576 మంది పరిశోధకులను అడిగితే, ఇతరుల ప్రయోగాన్ని మళ్లీ చేయబోయి విఫలమయ్యామని 70 శాతానికి పైగా చెప్పారు. అనుకూలమైన ఫలితాలనే ఏరి చూపడం, ప్రచురణ ఒత్తిడి వంటివి ఇందుకు పెద్ద కారణాలు. రాతకోతల్లో అలసత్వమూ తక్కువదేమీ కాదు. ఫ్రీజర్‌లో ఒక ట్యూబు మీద ‘కొత్తది’ అని మాత్రమే ఉంటుంది. రాసినవారు పట్టా పుచ్చుకుని వెళ్లిపోయాక అందులో ఏముందో చెప్పే దిక్కుండదు. క్యూసీలో పనిచేసినవారి చేయి తేదీ, బ్యాచ్ నంబరు, పేరు రాయకుండా ఊరుకోదు. ద్రవాన్ని కొలిచి తీసే పైపెట్‌ను 100 మైక్రోలీటర్లకు పెట్టి, స్వేదనజలాన్ని పదిసార్లు తూచి, ప్రతిసారీ 100 మిల్లీగ్రాములకు దగ్గరగా వస్తోందా అని చూసుకోవడం ఆమెకు కొత్త కాదు.

అలాగని ఫ్యాక్టరీ పద్ధతినంతా ల్యాబ్‌కు మోసుకెళ్లకూడదు. క్యూసీలో పరిమితి దాటిన ఫలితం వస్తే విచారణ మొదలవుతుంది. పరిశోధనలో అదే కొత్త విషయం కావచ్చు. జీఎల్‌పీ (గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్) నియమాలు ప్రధానంగా మందులు, రసాయనాల భద్రతా పరీక్షల కోసం పుట్టాయి. ప్రాథమిక పరిశోధనకు అవి తప్పనిసరి కాదు. పరికరాలు, నమూనాలు, రికార్డుల విషయంలో పట్టు వదలకూడదు. ప్రయోగ ప్రణాళిక మాత్రం మారవచ్చు, మార్చిన తేదీ, కారణం నోట్‌బుక్‌లో ఉంటే చాలు. ఇంటర్వ్యూలో ఈ తేడాను సొంత ఉదాహరణతో చెప్పగలిగితే ఆ అనుభవానికి విలువ పెరుగుతుంది.

ఇక డబ్బు సంగతి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు రూ.37,000 ఇస్తున్నారు. జీవవైవిధ్యం మీద ఆసక్తి ఉంటే సునాబెడలోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయాన్నీ చూడమనండి, మీకు దగ్గర కూడా. రాజీనామా మాత్రం సీటు ఖాయమయ్యాకే. వచ్చేటప్పుడు కంపెనీ ఎస్‌ఓపీలు (పని విధానాల పత్రాలు), డేటా ఏవీ వెంట తేవద్దని చెప్పండి. అవి కంపెనీ సొత్తు.