పంట సందేహాలు: పచ్చగా ఉండగానే వాలిపోతున్న టమాటా

ప్రశ్న: మాది ఎర్రనేల. టమాటా మొక్కలు సరిగ్గా కాయ పట్టే వేళకు మధ్యాహ్నం పూట వాలిపోయి, నాలుగైదు రోజుల్లో చచ్చిపోతున్నాయి. ఆకు పచ్చగానే ఉంటోంది. తెగులు మందు రెండుసార్లు పోసినా ఆగలేదు. నిరుడు అదే మడిలో వంగ వేశాం.
– ఒక రైతు, రాయగడ

జవాబు: ఆకు పసుపెక్కకుండా మొక్కంతా ఒక్కసారిగా వాలిందంటే ముందుగా బాక్టీరియా ఎండుతెగులునే అనుమానించాలి. శిలీంధ్రాలను చంపే మందు దీనిమీద పనిచేయదు. కాబట్టి ఇంకో డబ్బా కొనేముందు ఈ పరీక్ష చేయండి. వాలిన మొక్క కాండాన్ని నేలకు ఆనించి కోసి, బెత్తెడు ముక్క తీసుకోండి. గాజుగ్లాసులో తేటనీళ్లు పోసి, కోసిన కొస మునిగేలా కదలకుండా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కొస నుంచి తెల్లని జిగురు దారాల్లా కిందికి జారితే అదే తెగులు. దారాలు రాకుండా, అడుగు ఆకులు ఒక పక్క నుంచి పసుపెక్కుతూ వచ్చి ఉంటే అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే ఎండుతెగులు కావచ్చు.

ఈ బాక్టీరియా వేళ్ల గాయాల్లోంచి దూరి, నీరు పైకెక్కే నాళాలను మూసేస్తుంది. నేలలో తడి ఉన్నా మొక్కకు అందదు. వెచ్చని, తేమ నిలిచే పుల్లనేల దీనికి బాగా అనుకూలం. వంగను కూడా ఆశిస్తుంది కనుక నిరుటి పంట నుంచే మీ మడిలో మిగిలి ఉండొచ్చు.

వాలిన మొక్కను వేరుమట్టితో సహా సంచిలో వేసి బయటికి తెచ్చి కాల్చేయండి. గట్టున పడేస్తే తెగులు వాననీటితో మళ్లీ మడిలోకే వస్తుంది. ఆ మడి నీరు పక్క మడికి పారనివ్వకండి. కలుపు తీసిన పారను, బొరిగెను కడగకుండా ఇంకోచోట వాడకండి. రెండుమూడేళ్లు అక్కడ చోడి, మొక్కజొన్న, వరి వేయండి. వంగ, మిరప, బంగాళాదుంప, వేరుశనగ వద్దు.

టమాటాకు నేల పీహెచ్ (పులుపు కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 నుంచి 7 మధ్య ఉండాలి. మీ వైపు ఎర్రనేలలు చాలాచోట్ల అంతకంటే పుల్లగా ఉంటాయి. భూసార పరీక్ష చీటీలో రాసినంత సున్నం నాటడానికి మూడు వారాల ముందే కలియదున్నండి. యూరియాతో కలిపి చల్లితే నత్రజని గాలిలో పోతుంది.

విత్తనం మార్చడం అన్నిటికన్నా చవక. భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన ఉత్కళ్ పల్లవి, ఉత్కళ్ దీప్తి, ఉత్కళ్ కుమారి ఈ తెగులును తట్టుకునే రకాలు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ ఆకుముడతను కూడా తట్టుకుంటుంది. తెగులును తట్టుకునే వంగ మొక్కపై టమాటా అంటు కట్టిన నారు దొరికితే ఇంకా మేలు. అయితే అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి. మట్టిలో కూరుకుపోతే టమాటా సొంత వేరు వేసుకుంటుంది, అంటు కట్టిన ఫలితం పోతుంది.

ప్రశ్న: మార్చిలో టమాటా పూత విరగబూసింది గానీ అంతా రాలిపోతోంది. ఎరువు తక్కువైందా?
– ఒక రైతు, గుణుపూర్

జవాబు: ఎరువు కాదు, వేడి. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 22కు పైన నిలిచినా పుప్పొడి చెడిపోతుంది. పువ్వు విచ్చడానికి వారం పదిరోజుల ముందే ఆ నష్టం జరిగిపోతుంది కనుక ఇవాళ రాలే పువ్వుకు ఇవాళ పైమందు కొట్టి లాభం లేదు. యూరియా వేస్తే ఆకే పెరుగుతుంది. పలచగా, తరచుగా తడులు ఇచ్చి, గడ్డి పరిస్తే వేరు చల్లబడి కొంత పూత నిలుస్తుంది. వచ్చే ఏడు సెప్టెంబరు, అక్టోబరులో నారు పోయండి. 25–30 రోజుల నారు నాటితే, నెల తిరిగేసరికి చలిరోజుల్లోనే పూత వస్తుంది. దాదాపు 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌లో చల్లదనం ఎక్కువ. అక్కడి వారి కాలెండరు వంశధార ఒడ్డున ఉన్న మీకు పనికిరాదు.

ప్రశ్న: టమాటా కాయ అడుగున నల్లగా, తోలులా అణిగిపోతోంది. ఏ తెగులు?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: తెగులు కాదమ్మా, కాయకు కాల్షియం అందకపోవడం. అది నీటితోపాటే కాయలోకి చేరుతుంది. మడి బాగా ఎండనిచ్చి తర్వాత ఒక్కసారిగా ముంచేస్తే అందదు. తడి సమంగా ఇవ్వండి, యూరియా తగ్గించండి, పిందె దశలో లీటరు నీటికి 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి పదిరోజుల తేడాతో రెండుసార్లు చల్లండి. మచ్చపడిన కాయ బాగుపడదు. వాటిని కోసేస్తే మొక్క సత్తువ కొత్త పిందెలకు వెళుతుంది.