కాలేజీ బేస్‌బాల్ ఆటలు ఫోటోలు తీయాలంటే ఏ లెన్స్ కొనాలి?

70-200 ఎఫ్ 2.8 జూమ్ లెన్స్ కొనండి, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. మిగిలిన డబ్బుతో మంచి జాకెట్ కొనుక్కోండి, సీజన్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది, మా ఒహాయోలో మార్చిలో కూడా వేళ్లు కొయ్యబారిపోతాయి. ఆరేళ్లుగా వారాంతాల్లో ఒక చిన్న డివిజన్ త్రీ (అమెరికా కాలేజీ క్రీడల్లో మూడో స్థాయి) కాలేజీ జట్టు ఆటలు తీస్తున్నాను, ఆ అనుభవంతో చెప్తున్నాను, లెన్స్ కంటే మీరెక్కడ నిలబడతారు, కెమెరా ఎటు తిప్పుతారన్నదే ముఖ్యం.

బంతి కొట్టిన బ్యాటర్ మొదట పరుగెత్తి చేరాల్సిన ఫస్ట్ బేస్ వైపు, జట్టు కూర్చునే డగౌట్ పక్కన నిలబడండి. కుడిచేతి బ్యాటర్ ముఖం అటే ఉంటుంది, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్ షార్ట్‌స్టాప్ బంతి విసిరేదీ అటే. కంచె అడ్డమొస్తే లెన్స్‌ని తీగలకు ఆనించి అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరవండి, తీగలు దాదాపు మాయమైపోతాయి. షట్టర్ సెకనులో 2000వ వంతు. బరస్ట్ (వరసగా ఫ్రేములు తీసే పద్ధతి) పెట్టి బటన్ నొక్కిపట్టుకుంటే చాలని చెప్పేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. గంటకు 85 మైళ్ల వేగంతో వచ్చే బంతి, సెకనుకు 10 ఫ్రేములు తీసే కెమెరాలో, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య 12 అడుగులు దాటిపోతుంది. బ్యాట్‌కి బంతి తగిలే క్షణం కావాలంటే బంతి వేసే పిచ్చర్ చేతిని చూసి మీరే లెక్క కట్టుకోవాలి. సైలెంట్ షట్టర్ జోలికి పోకండి, చాలా కెమెరాల్లో బ్యాట్ అరటిపండులా వంగి కనిపిస్తుంది.

నేను గుంటూరులో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి, కన్ను బంతి వెంటే పోతుంది. మొదటి రెండు సీజన్ల ఫోటోల్లో అందరి వీపులే ఉన్నాయి. అది మారింది ఒక సీనియర్ డే నాడు, అంటే ఆఖరి ఏడాది కుర్రాళ్లకు సొంత మైదానంలో చివరి ఆటల రోజు. నాలుగేళ్లూ ఎక్కువగా బెంచీ మీదే గడిపిన ఒకబ్బాయిని తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్‌కి పంపారు. డివిజన్ త్రీలో క్రీడా స్కాలర్‌షిప్పులు ఉండవు, అయినా ఏ రోజూ ప్రాక్టీసు మానలేదని వాళ్లమ్మ అంతకుముందే చెప్పారు. బంతి నేల మీద దొర్లుతూ షార్ట్‌స్టాప్ చేతికి వెళ్లింది. పక్కనున్న ఇద్దరు ఫోటోగ్రాఫర్లూ అటు తిరిగారు, నేను మాత్రం ఎందుకో ఆ అబ్బాయినే పట్టుకున్నాను. బేస్ దాకా ఉన్న 90 అడుగులూ ప్రాణం పెట్టి పరుగెత్తి, ఫస్ట్ బేస్ మీదకు ముందుకు దూకాడు. బంతి ముందే చేరింది, అవుట్. లేవలేదు, బేస్ మీద చెయ్యి అలాగే ఉంచి మట్టిలో పడుకున్నాడు. అవతలి జట్టు ఫస్ట్ బేస్‌మన్ వంగి చెయ్యి అందించాడు, వెనక డగౌట్‌లో జట్టంతా కంచె పట్టుకుని నిలబడి ఉంది.

వాళ్లమ్మకి ఆ రోజు తీసినవన్నీ పంపిస్తే, నవ్వుతూ దిగినవి పక్కనపెట్టి ఇదే పెద్దది చేయించి ఇమ్మన్నారు. ఇదే ఫోటోని ఒక స్థానిక వెబ్‌సైట్ వాళ్లు డగౌట్ భాగం కత్తిరించి, నా పేరు కూడా వేయకుండా వాడుకున్నారు, అది ఇప్పటికీ బాధే. పేరు వేయకపోతే పోయింది, ఆ పిల్లలందరినీ కత్తిరించడానికి చేతులెలా వచ్చాయో!

అందుకే ఇప్పుడు బంతి నేల మీద దొర్లిందంటే దాని వెంట పోను, ఫస్ట్ బేస్ మీదే ఫోకస్ పెట్టి ఉంచుతాను. మీరు వార్మప్ కంటే ముందే వెళ్లి కోచ్‌ని అడగండి, ఆ రాత్రే ఫోటోలు పంపించండి, తర్వాతి వారం ఆయనే పిలుస్తారు.