ఓటు లేని సలహా సంఘం విధానాన్ని ఎలా కదిలించగలదు?

గడువు తీరిన డొమైన్ పేర్ల విషయంలో చిన్న సంస్థలు పడుతున్న ఇబ్బందిని మీ వినియోగదారుల సంఘం, ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే సంస్థ ఐకాన్ దృష్టికి తీసుకువెళ్లాలనుకుంటోందనీ, అక్కడి సలహా సంఘానికి నిర్ణయాధికారం లేనప్పుడు ఆ శ్రమ వల్ల ఫలితం ఉంటుందా అనీ అడిగారు. ఐకాన్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంత వినియోగదారుల వేదిక అయిన ఆప్రాలోలో కొన్నేళ్లుగా పాల్గొంటున్న అనుభవంతో, ఉంటుందనే చెబుతాను. అయితే ఐకాన్ బోర్డుకు సలహా పత్రం పంపడమొక్కటే దారి అనుకోకండి.

ప్రభుత్వాల సలహా సంఘం ఏకాభిప్రాయంతో ఇచ్చిన సలహాను తోసిపుచ్చాలంటే బోర్డులో 60 శాతం ఓట్లు కావాలి. పదిహేనుమంది సభ్యులున్న వినియోగదారుల సలహా సంఘం ఏలాక్‌కు ఆ రక్షణ లేదు. కానీ డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి పేర్లకు విధానాలు రూపొందించే ఐకాన్ విభాగం జీఎన్‌ఎస్‌వోలో ఒక సమస్యపై నివేదిక తయారుచేయమని కోరే హక్కును ఐకాన్ నియమావళి ఏ సలహా సంఘానికైనా ఇచ్చింది. అలా కోరిన 45 రోజుల్లో సిబ్బంది ప్రాథమిక నివేదిక సిద్ధం చేయాలి, దానిపై ప్రజాభిప్రాయం తీసుకోవాలి, ఆ తరువాతే జీఎన్‌ఎస్‌వోను నడిపే కౌన్సిల్ ఓటుకు వెళ్లాలి. అన్నీ తేలిపోయాక చివర్లో చెప్పే అభిప్రాయం కన్నా, చర్చ దేనిమీద జరగాలో మొదట్లోనే నిర్ణయించగల ఈ హక్కే ఎక్కువ విలువైనదని నా నమ్మకం.

2007లో ఏలాక్ ఈ హక్కును ఎలా వాడుకుందో చూడండి. అప్పట్లో పేరు నమోదు చేసుకున్న ఐదు రోజుల్లోపు రద్దు చేస్తే డబ్బు పూర్తిగా తిరిగి వచ్చేది. కొందరు లక్షల సంఖ్యలో పేర్లు తీసుకుని, వాటిమీద ప్రకటనలు పెట్టి, రాబడి లేనివాటిని ఐదో రోజులోగా వదిలేసేవారు. ఏలాక్ అడిగిన నివేదికతో మొదలైన చర్చ చివరికి విధానంగా మారి, నెలలో నికరంగా నమోదైన కొత్త పేర్లలో పది శాతం, లేదా యాభై పేర్లు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే ఆ పరిమితి దాటిన రద్దులకు డబ్బు తిరిగి రాకుండా చేసింది. 2008 జూన్ నుంచి 2009 ఏప్రిల్ నాటికి అలాంటి రద్దులు 99.7 శాతం తగ్గిపోయాయి.

మీ అంశానికీ ఇదే చరిత్ర ఉంది. 2008 చివర్లో ఏలాక్ కోరిన నివేదికే మూలంగా, 2013 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రార్లు, అంటే పేర్లను నమోదు చేసే సంస్థలు, గడువుకు ముందు రెండుసార్లు, తరువాత ఒకసారి నోటీసు పంపడం తప్పనిసరి అయింది. తొలగించిన పేరును 30 రోజుల్లోపు తిరిగి పొందే వీలు కూడా దక్కింది.

ఆ 30 రోజుల విలువ నేను దగ్గరనుంచి చూశాను. విజయవాడలో మా మిత్రుడు నడిపే చిన్న పత్రిక వెబ్‌సైటు మొదట ప్రకటనల పేజీగా మారి, తరువాత తెరుచుకోవడమే మానేసింది. నోటీసులన్నీ ఆ సైటు తయారుచేసి ఏనాడో వేరే ఊరు వెళ్లిపోయిన కుర్రవాడి మెయిలుకు చేరాయి. అతణ్ణి వెతికి పట్టుకుని, మామూలు రుసుముకు ఎన్నో రెట్లు కట్టి పేరును దక్కించుకున్నారు. ఏ నోటీసు ఏ తేదీన ఎవరికి వెళ్లింది, రికార్డులో పేరు స్థితి ఎప్పుడెప్పుడు మారింది అన్న వివరాలతో ఒక పట్టిక తయారుచేసి ఆప్రాలో సమావేశంలో చూపించాను. చిన్నవాళ్లకు అన్యాయం జరుగుతోందని నోటిమాటగా చెప్పినప్పుడు మౌనంగా విన్నవారే, ఆ పట్టిక చూశాక, నమోదు చేసిన మనిషీ వాడుకుంటున్న సంస్థా వేరైనప్పుడు నోటీసు ఎవరికి చేరాలని గట్టిగా అడగసాగారు. ప్రస్తుత విధానం తాకకుండా వదిలేసిన చోటు సరిగ్గా అదే.

మీరు కూడా అలాంటి ఉదంతాలను తేదీలతో సహా పోగుచేయండి. వాటిలో డాట్ ఇన్ పేర్లుంటే వేరుచేయండి. అవి భారత్‌లో ఆ పేర్లను నిర్వహించే సంస్థ నిక్సీ పరిధిలోనివి కాబట్టి ఈ దారిన పరిష్కారం కావు. నివేదిక వచ్చాక చర్చ ప్రారంభం కావాలంటే కౌన్సిల్‌లోని రెండు సభల్లోనూ మూడో వంతుకు మించి, లేదా ఒక సభలోనే మూడింట రెండు వంతులకు మించి మద్దతు ఉండాలి. కాబట్టి ఆ మద్దతు ఎవరినుంచి రాగలదో నివేదిక కోరకముందే మాట్లాడుకోవాలి. కౌన్సిల్‌లో కూర్చునే ఏలాక్ ప్రతినిధికి ఓటు లేకపోయినా మాట్లాడే అవకాశం ఉంటుంది గనుక, మీ పట్టిక ముందుగా ఆప్రాలో ద్వారా ఆ ప్రతినిధికి అందేలా చూడండి.